నాలుగు రూముల్లో అవ్వ గొంతు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషికి ఏ కొరత వచ్చినా దానికి తగిన సామాను అంగట్లో ఒకటి దొరుకుతుందని. చెమట పోస్తే ఫ్యాను, దోమ కుడితే బత్తి, ఇంట్లో మాట లేకపోతే స్పీకరు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, పెండ్లయిన కొత్తలో ఆ నమ్మకంతోనే తిరుపతిలో, తిరుచానూరు రోడ్డు వెనకపక్క ఒక అద్దె ఇంట్లో, నాలుగు రూముల్లోనూ ఒకేసారి పాట వినపడేటట్టు, రెండు రూముల్లో ఒకటే బొమ్మ కనపడేటట్టు నా చేతులతో నేనే ఒక పెద్ద ఏర్పాటు చేసినాను. చెయ్యమని నన్నెవురూ అడగలేదు. అది చూసి మెచ్చుకోవల్సిన మనిషేమో ఆ ఇంట్లోనే లేదు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో తయారైన సామాన్లు బాగున్నాయా లేవా అని పరీక్ష చేసేది నా ఉద్యోగం. కాబట్టి వైర్లూ డబ్బాలూ నాకొక లెక్కా అనే పొగరు కూడా ఉండేది.

ముందు మా ఇంటి సంగతి చెప్పల్ల. మాది పుత్తూరు. నేను పలక పట్టకముందే అమ్మ పోయింది. నాయనా నేనూ ఇద్దరమే. మా నాయన బంగారంలాంటి మనిషి, కానీ నోరు తెరిస్తే ఏదో అరిగిపోతుందన్నట్టు ఉంటాడు. అన్నం ఉడికితే గిన్నె మీద గంటెతో టంగుమని కొడతాడు, నేను పోయి కూర్చుంటాను, తింటాం, లేస్తాం. అంతటితో ఆ పూటకి మా ఇంట్లో మాటలు అయిపోయినట్టే. (నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మాత్రం 'ఊ' అని, ఇంకొంచేపటికి 'మంచిది' అని కూడా అన్నాడు. ఆ పొద్దు ఆయన పట్టరాని సంతోషంలో ఉన్నాడని నాకు తెలిసిపోయింది.) అట్లాంటి ఇంట్లో పెరిగినోణ్ణి తీసుకుపోయి చిత్తూరులో బెల్లం మండీ నడిపేవాళ్ళ ఇంటికి అల్లుణ్ణి చేసినారు. మామ, ఇద్దరు చిన్నమామలు, వాళ్ళ పెండ్లాలు, బిడ్డలు, అందరి మీదా పెత్తనం చేసే అవ్వ. అవ్వంటే మామకి అమ్మ. వాళ్ళింట్లో ఉప్పు అందియ్యమని అడగడం కూడా మండీలో వేలం పాడినట్టే ఉంటుంది. పెండ్లిచూపులకి పోయినప్పుడు ఎవురో కొట్టుకుంటా ఉండారనుకుని నేను వాకిట్లోనే నిలబడిపోయినాను. తీరా చూస్తే కాఫీలో చక్కెరా బెల్లమా అని మాట్లాడుకుంటా ఉండారు.

ఆ ఇంటి పిల్ల, దూరపు వరసలో నాకు మరదలే అవుతుంది, నాతో కాపరానికి తిరుపతికి వచ్చింది. మేముండేది మిద్ది మీద. కింద ఇంటి ఓనరు, హాస్టలు వార్డెనుగా పనిచేసి రిటైరైన పెద్దాయన, పెండ్లాము పోయినంక ఒక్కడే ఉంటాడు. ఇల్లు అద్దెకి ఇచ్చేటప్పుడే, "సప్పుడు ఉండకూడదు, చుట్టాలు ఉండకూడదు, గోడకి మేకు కొట్టకూడదు" అని చెప్పినాడు. నాకు ఆ షరతులు దేవుడిచ్చిన వరంలా కనిపించినాయి. నేను తెల్లారక ముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళా దీపాలు పెట్టే వేళకి దిగుతాను. దినమంతా మా ఆమె ఒక్కతే. ఒకనాడు అన్నం వడ్డిస్తా, "ఈ ఇంట్లో సప్పుడే లేదు బావా. కుక్కరు కూసినా ఎవురో వచ్చినారని సంబరపడతా ఉండా" అనింది. నేను "ఊ" అన్నాను. (మా నాయన కొడుకునే గదా.)

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదని అవ్వ స్వయంగా బయల్దేరి వచ్చింది. నేను ధైర్యం తెచ్చుకుని, "మా ఇంట్లో అత్తే లేదు గదవ్వా" అన్నాను. అవ్వ నన్ను పైనించి కిందికి చూసి, "అత్త లేకపోతే ఏమి నాయనా? ఆషాఢం ఉండాది గదా!" అనింది. ఆ నెలంతా నేను వాళ్ళ గడప తొక్కకూడదు. అంతటితో ఆపిందా? ఫోను కూడా ఆమె కొంగులోనే ఉంటుందంట, మాట్లాడేదేదో పగటిపూట, అందరి ముందరా, గట్టిగా వినపడేటట్టు పెట్టి మాట్లాడుకోమనింది. ఇది ఏ శాస్త్రంలో ఉండాదో నాకు తెలీదు, అవ్వ అప్పటికప్పుడు రాసుకున్న శాస్త్రం. ఆటో ఎక్కేటప్పుడు మా ఆమె నవ్వుతా, "ఈ ఇంటిని తల్చుకుంటే మళ్ళా రాబుద్ధి కాదు బావా" అనింది. నవ్వుతానే అనింది, తమాషాకే అనుండొచ్చు. నాకు మాత్రం ఆ మాట తమాషాగా తోచలేదు. ఆషాఢం పోతుంది, శ్రావణం వస్తుంది, కానీ ఈ మనిషి వస్తుందా?

ఆ సాయంత్రం బస్సు దిగి తాళం తీస్తే, తాళం తీసిన సప్పుడు లోపలి రూముదాకా పోయి తిరిగొచ్చింది. పుట్టినప్పటినుంచి నిశ్శబ్దంలో పెరిగినోణ్ణి, అది ఇట్లుంటుందని నాకు ఎప్పుడూ తెలీలేదు. చెప్పు విడిచినా వినపడుతుంది, నీళ్ళు మింగినా వినపడుతుంది. సంగటి కెలికే ఓపిక లేక పెరుగన్నం కలుపుకుని కూర్చున్నాను. ఎదురుగా ఆమె కూర్చునే పీట ఖాళీగా ఉండాది. కలిపిన గిన్నె పక్కకి జరిపినాను. అప్పుడు నాకు వచ్చిన గొప్ప ఆలోచన ఏమంటే, ఈ ఇంటికి సప్పుడు తేవల్ల. ఏ రూములోకి పోయినా పాటో మాటో ఆమె వెంబడే నడవల్ల. శ్రావణంలో ఆమె వచ్చి చూసి ఇంక పోతానని అనకూడదు.

వంటింట్లో అప్పటికే ఒక చిన్న స్పీకరు ఉండేది. పెండ్లికి మా ఫ్యాక్టరీ స్నేహితులు ఇచ్చినది, మా ఆమె దాన్ని తన ఫోనుకి తగిలించుకుని వంట చేస్తా పాటలు వినేది. దానికి తోడు హాలుకొకటి, పడకరూముకొకటి, మూటలు పెట్టుకునే సన్నరూముకొకటి కొన్నాను. ఒక్కోటి ఒక్కో అంగట్లో, ఒక్కో కంపెనీది. "అన్నీ ఒకటే కంపెనీవి తీసుకోప్పా, అప్పుడే కలిసి పలుకుతాయి" అని ఒక అంగడాయన చెప్పినాడు. అమ్ముకునేదానికి చెప్తా ఉండాడనుకున్నాను. గోడకి మేకు కొట్టకూడదు కాబట్టి వైర్లన్నిటినీ పెండ్లినాటి మామిడాకుల తోరణం కట్టిన పురికొసకి చుట్టి, బట్టలారేసే దండెం మీదినించి, కిటికీ ఊచల మీదినించి ఇల్లంతా తిప్పినాను. ఇంట్లోకొస్తే వంగి నడవల్ల. హాల్లో టీవీలో వచ్చే బొమ్మే పడకరూములో పాత టీవీలోనూ వచ్చేటట్టు చేసినాను. అది వచ్చేది గానీ, హాల్లో నవ్వినోడు పడకరూములో కొంచెం ఆగి నవ్వేవాడు. వంటింట్లో పొయ్యి పైన ఒక పాత ట్యాబును గోధుమపిండి ముద్దతో గోడకి అంటించినాను. అది రెండు దినాలు బాగా నిలబడి, మూడోనాడు వార్తలు చదువుతా చదువుతానే దోశపిండి గిన్నెలో మునిగిపోయింది.

స్పీకర్ల కతా అదే. ఒకటే పాట, కానీ ముందు హాల్లో మొదలయ్యేది, దాని వెనక పడకరూము, దాని వెనక సన్నరూము, అందరికంటే ఆఖరున మా పెండ్లి కానుక, వంటింటి స్పీకరు నిద్ర లేచినట్టు అందుకునేది. నడిమింట్లో నిలబడితే బడిపిల్లోళ్ళు ఎక్కం అప్పజెప్పినట్టే. దాన్ని సరిచేసేదానికి సెలవు పెట్టి కూర్చున్నాను, వీడియోలు చూసినాను, అన్నీ ఆపి మళ్ళా మొదలుపెట్టినాను, తల ప్రాణం తోకకొచ్చింది గానీ అవి ఒక్క తాటిమీదికి రాలేదు. ఆ తిప్పలో నేనొకటి గమనించలేదు. వంటింటి స్పీకరు మా ఆమె ఫోనుకి తగిలించినది. నెట్టు మీద నడిచే సామాను కాబట్టి, దానితో జతచేసినవన్నీ కూడా చిత్తూరులో అవ్వ కొంగులో ఉండే ఆ ఫోనులోకే పోయి కూర్చున్నాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం వార్డెను సారు మెట్లెక్కి వచ్చినాడు. "ఏమప్పా, ఇంట్లో ఏదో జరగతా ఉండాదే" అన్నాడు. పిలిచి హాల్లో కూర్చోబెట్టి, మెత్తగా ఒక పాట పెడదాం, ఆయన మెచ్చుకుంటాడు, అనుకుని ఫోను తీసినాను. నేనింకా ఏమీ నొక్కనే లేదు.

"ఓ యమ్మీ! ఆ ఎంకటేసరసామి సుప్రభాతం పెట్టు!"

హాల్లో అవ్వ గొంతు. సారు ఉలిక్కిపడి లేచినాడు. ఇంతలో పడకరూములో ఇంకో అవ్వ "ఓ యమ్మీ!" అనింది. సన్నరూములో ఇంకో అవ్వ. ఆఖరుకి వంటింట్లో. నాకు నోట మాట రాలేదు. (అది మామూలే అనుకోండి.) జరిగిందేమంటే, ఫోనులో మైకు బొమ్మ నొక్కి అడిగితే పాట వస్తుందని మా ఆమే అవ్వకి నేర్పించింది. అవ్వ నొక్కినదేమో మా ఇంటి స్పీకర్లకి మాట చేరేసే ఇంకో మైకు బొమ్మ. పాట రాకపోయేసరికి అవ్వకి ఒళ్ళు మండింది.

"సెవుడా నీకి? మద్దేన్నం పూట సుప్రభాతం యాల అనుకుంటాండావా? నా ఇష్టం! పెట్టమంటే పెట్టు!"

నాలుగు రూముల్లో నాలుగు తిట్లు. సారు ముఖం కందగడ్డ అయిపోయింది. "ఎంతమందిని పెట్టినావప్పా ఇంట్లో? ఇద్దరే ఉంటామని గదా సెప్పినావు? ఇంత మంది ముసలోళ్ళు యాణ్ణించి వచ్చినారు?" అని వైర్ల కింద వంగుతా లేస్తా ఒక్కో రూములోకీ పోయి తలుపు చాటు కూడా చూసినాడు. మూటల మధ్య ఎవురూ లేరు. ఆయన సన్నరూములోంచి బయటికొచ్చే లోపల అవ్వ మూడోసారి నొక్కింది. ఈసారి ఫోనుతో కాదు, మనవరాలితో మాట్లాడతా ఉండాది, వేలు మాత్రం దాని మీదే ఉండిపోయింది.

"ఇది పలకదు గానీ, నేను సెప్పేది ఇను పాపా. నువ్వు మళ్ళా ఆ ఇంటికి పోవద్దులే. మనిసి మాట ఇనపడని ఇల్లు అదొక ఇల్లా? ఆ పిల్లోణ్ణే ఈడికి రమ్మందాం. మన మండీలోనే ఉంటాడు. ఏమంటావు?"

ఆ వెనకాలే మా ఆమె గొంతు: "అవ్వా, నేను..."

అంతే. ఆగిపోయింది. హాల్లో "నేను" అని ఆగింది, పడకరూములో "నేను" అని ఆగింది, సన్నరూములో ఆగింది, వంటింట్లో ఆగింది. నేను పిచ్చోడి మాదిరి ఒక్కో రూముకీ పరిగెత్తినాను, ఏదో ఒక దాంట్లోనన్నా మిగిలిన మాట వస్తుందేమోనని. వార్డెను సారు నన్ను చూసి, ఏమనుకున్నాడో, ఇల్లు ఖాళీ చెయ్యమనే మాట మింగేసి, "కూర్చోప్పా" అన్నాడు. నీళ్ళు కూడా ఆయనే తెచ్చిచ్చినాడు.

ఫోను చేస్తే అవ్వే ఎత్తింది. "తిన్న్యావా నాయనా?" "తిన్నానవ్వా." వెనకాల ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించుకుని ఉండారని నాకు తెలుసు. మా ఆమె, "బాగుండావా బావా?" అనింది. "బాగుండా" అన్నాను. ఏమి చెప్పినావు, వస్తావా రావా అని అడిగేదానికి నాలిక తిరగలేదు. పెట్టేసినాను.

ఆ తర్వాత జరిగిందే విచిత్రం. అవ్వ పాట కోసం ఆ బొమ్మ నొక్కడం మానలేదు, నొక్కిన వేలు తియ్యకుండానే ఇంట్లోవాళ్ళని కేకలేసేది. ఆమెకి అసలు విషయం తెలిస్తే గదా! సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి నాలుగు రూముల్లోంచీ కేకలు. "ఆ మల్లెపూలామె వొచ్చిందా?" "ఎనుముకి కుడితి పెట్టినారా లేదా?" "ఊరిబిండి పచ్చట్లో ఉప్పు ఎవురేసినారే, మీ నోళ్ళు పడిపోను!" మొదట్లో ఉలిక్కిపడేవాణ్ణి. ఆ తర్వాత, నిజం చెప్తున్నా, బస్సులోనే ఎదురుచూడ్డం మొదలుపెట్టినాను. ఈ పొద్దు ఎనుము తినిందో లేదో తెలుసుకోవల్ల. అన్నం పెట్టుకుని వంటింట్లో కింద కూర్చుంటే నా కోసమే ఎవురో మాట్లాడతా ఉన్నట్టుండేది. ఆ కేకల వెనకాల ఎప్పుడన్నా ఒకసారి మా ఆమె నవ్వు వినపడేది. ఆ నవ్వు కోసం అన్నం చేతిలోనే పెట్టుకుని కాసుకునేవాణ్ణి. ఒక సాయంత్రం వార్డెను సారు మెల్లిగా పైకొచ్చి, గొంతు సవరించుకుని, "ఏమప్పా, ఈ పొద్దు ఆయమ్మ ఇంకా పలకలేదే?" అన్నాడు. సప్పుడు ఉండకూడదన్న మనిషి! ఇద్దరం హాల్లో కూర్చుని, టీవీ కూడా ఆపేసి, ఎదురుచూసినాం. అవ్వ ఎవుర్నో సోమరిపోతని తిట్టింది. సారు తృప్తిగా తలాడించి, మంచంమీద పడుకునేదానికి కిందికి పోయినాడు.

ఉన్నట్టుండి ఒకనాటినుంచి అదీ ఆగిపోయింది. స్పీకర్లన్నీ పనిచేస్తా ఉండాయి, పాట పెడితే పాడతా ఉండాయి. అవ్వ మాత్రం లేదు. ఎంతమంది పాడినా ఆ ఇల్లు మళ్ళా మొదటిమాదిరే అయింది. సారు రెండు సాయంత్రాలు వచ్చి చూసి, మూడోనాడు రాలేదు. అయిపోయింది, వాళ్ళు ఏదో తేల్చుకున్నారు, ఇంక ఆమె రాదు అనుకున్నాను. ఒక్కణ్ణే వంటింట్లో కూర్చుని ఏడ్చినాను కూడా. చెప్పుకునేదానికి ఇప్పుడు సిగ్గేమి లేండి.

శ్రావణం మొదటి శుక్రవారం పోయినంక మామ కారులో మా ఆమెను దింపి, బెల్లం బుట్ట ఒకటి పెట్టి, ఊరంతా వినపడేటట్టు "పోయొస్తా" అని అరిచి పోయినాడు. ఆమె తలవంచి వైర్ల కిందినించి లోపలికొచ్చింది. నేను నోరెత్తకుండా ఫోను నొక్కినాను. హాల్లో నాదస్వరం మొదలయింది, పడకరూము అందుకునింది, సన్నరూము, వంటిల్లు. ఆమె నడిమింట్లో నిలబడి నాలుగు దిక్కులా తిరిగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"నాకు తెలుసులే బావా. అవ్వ మొదటిసారి తిట్టినప్పుడే చూసినా, ఫోనులో నాలుగు రూముల పేర్లు కనపడినాయి. మూడోసారి నేనే ఆపేసినా."

"తెలిసీ అవ్వతో చెప్పలేదా?"

"చెప్తే ఆమె మాట్లాడుతుందా? నువ్వొక్కడివే ఉంటావు గదా. కేకలన్నా వినపడనీలే అని ఊరకున్నా. ఆఖరికి చిన్నాయన కొడుకు అవ్వకి చెప్పేసినాడు. అల్లుడు వింటా ఉండాడని తెలిసినాక అవ్వ సిగ్గుతో ఫోను ముట్టుకోనే లేదు."

నేను ఉండబట్టలేక అడిగినాను. "ఆ పొద్దు అవ్వకి ఏమి చెప్పినావు? 'నేను' అని ఆగిపోయింది."

ఆమె బుట్టలోంచి బెల్లం ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. "నేను పోతానవ్వా, ఆ మనిషికి మాట్లాడేది నేర్పించల్ల అన్నా. ఇంట్లో సప్పుడు లేదంటే ఏమనుకున్నావు బావా నువ్వు? నాతో మాట్లాడమని అడిగితే అంగడికి పోయి స్పీకర్లు తెచ్చినావే!"

ఆ మాటతో నాకు లోపల ఏదో అడ్డు తీసినట్టయింది. ఎక్కడ మొదలుపెట్టినానో తెలీదు, తాళం సప్పుడు దగ్గర్నుంచి, ట్యాబు దోశపిండిలో పడింది, సారు తలుపు చాటు చూసింది, ఎనుము సంగతి, వంటింట్లో కూర్చుని ఏడ్చింది, మా అమ్మ ముఖం గుర్తులేదన్నది, నాయన గంటెతో కొట్టేది, అన్నీ చెప్పినాను. పొయ్యి వెలిగించేది మర్చిపోయి ఆమె వినింది. మధ్యలో ఒకచోట నేను ఆగితే, "ఊ" అనింది.

ఇదంతా అయి ఏళ్ళు గడిచినాయి. అవ్వ లేదు. మామకి మోకాళ్ళు పట్టేసినాక మండీ మా ఆమె చేతికొచ్చింది. బెల్లం వచ్చే నెలలంతా ఆమె చిత్తూరులోనే ఉంటుంది, మా పాప కూడా అక్కడి బడిలోనే. ఆదివారం నేను పోతాను, మిగిలిన దినాలు ఇదే అద్దె ఇంట్లో ఒక్కణ్ణే. కుర్రతనంలో కొన్న ఆ స్పీకరు డబ్బాలు ఇంకా ఉండాయి. సరిచేసిస్తానని, కొత్తవి పెడతానని ఎంతమంది చెప్పినా వద్దన్నాను. వైర్లు తగిలించిన ఆ కుర్రోణ్ణి తల్చుకుంటే జాలీ నవ్వూ రెండూ వస్తాయి, కానీ వాడు చేసిన తప్పుల్లో ఇదొక్కటి మాత్రం నేను సరిదిద్దనియ్యను. దీపాలు పెట్టే వేళకి నేను బస్సు దిగి వచ్చి, వంట చేసుకునే బుద్ధి లేక హాల్లో అట్లే కూలబడి ఉంటాను. అప్పుడు మండీ మూసే ముందర ఆమె ఫోనులో ఆ మైకు బొమ్మ నొక్కుతుంది. "తిన్నావా బావా?" అని హాల్లో అడుగుతుంది. లేచి నిలబడతాను. "తిన్నావా బావా?" అని పడకరూములో. అటు తిరుగుతాను. సన్నరూములో ఇంకోసారి. ఆ గొంతు వెంబడే ఒక్కో గడపా దాటుకుంటా పోతే, మా పెండ్లినాటి స్పీకరు ఎప్పటిమాదిరే అందరికంటే ఆఖరున పలుకుతుంది, అప్పటికి నేను పొయ్యి ముందర నిలబడి ఉంటాను. ఇంక చేసేదేముంది, బియ్యం కడుగుతాను.